ఒక మేకుకు రెండు కార్డులు

గళ్ళ టీచరమ్మ టీ తాగుతున్నప్పుడు గోడ మీది బోర్డులో ఎవరైనా ఒక్క కార్డు చోటు మార్చి పెడితే చాలు, ఆ కప్పులో టీ చల్లారిపోవలసిందే.

స్టాఫ్ రూములో ఇది పాత ఆట. సైన్సు మాస్టారు ఏమీ ఎరగనట్టు బోర్డు పక్కనుంచి నడిచి వెళ్తూ, ఏడో తరగతి ఇంగ్లీషు కార్డు తీసి వేరే మేకుకి తగిలించేవాడు. తర్వాత కుర్చీలో కూర్చుని గడియారం చూసుకునేవాడు. ఆమె ఎటు తిరిగి ఉన్నా సరే, చీమ కుట్టినట్టు లేచేది. కార్డు తీసి దాని చోట పెట్టి, ఎవరి వంకా చూడకుండా వచ్చి కూర్చునేది.

“నలభై సెకన్లు,” అనేవాడు సైన్సు మాస్టారు. “పోయిన నెల యాభై పట్టింది. మేడమ్‌కి వయసు తగ్గుతోంది.”

అందరూ నవ్వేవారు. తలుపు దగ్గర నిలబడి హెడ్మాస్టరు కూడా నవ్వేవాడు.

అసలు ఆమె లెక్కల టీచరు. ఇరవై ఏళ్లుగా బడి మొత్తానికీ టైంటేబుల్ వేసేదీ ఆమే కాబట్టి పిల్లలు ఆ పేరు పెట్టారు. బోర్డు తలుపంత ఉంటుంది. అడ్డం వరసలు గదులు, నిలువు వరసలు పీరియడ్లు. ప్రతి గడిలో ఒక మేకు, మేకుకి ఒక కార్డు. ప్రాక్టికల్సు లాంటి జంట పీరియడ్లకి మొదటి గడిలో ఒకే కార్డు. కార్డు రంగును బట్టి పాఠం ఏదో తెలుస్తుంది. సైన్సు నీలం, లెక్కలు ఎరుపు, డ్రాయింగు నారింజ. ఒక మేకుకి రెండు కార్డులు పడితే ఒకే గదిలోకి రెండు తరగతులు వచ్చి తన్నుకుంటాయని అర్థం. ఇరవై ఏళ్లలో ఆమె బోర్డు మీద అలా పడలేదు.

ఆ ఏడాది చదువులు ఇంకో నెలలో ముగుస్తాయనగా హెడ్మాస్టరు ఆమెను గదికి పిలిచి తలుపు మూశాడు.

“కూర్చోండి మేడమ్. విద్యాశాఖ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. డబ్బుల్లేవట. వచ్చే ఏడాది నుంచి వారానికి నాలుగు రోజులే బడి. శుక్రవారం ఎత్తేస్తారట.”

“ఎత్తి ఎక్కడ పెడతారట?”

“కరెంటు, బస్సు డీజిలు, ఊడ్చేవాళ్ళ కూలి, అన్నీ ఒక రోజు మిగులుతాయి. మన జీతాల్లో కూడా ఐదో వంతు.”

“అంటే శుక్రవారంతో పాటు మనమూ తలా కొంచెం పోతామన్నమాట.”

హెడ్మాస్టరు నవ్వలేదు. కాగితం ఆమె వైపు తిప్పాడు. “ఒక మెలిక ఉంది, చూడండి. తప్పనిసరి పాఠాలు ఒక్కటీ తగ్గకూడదు, ఒకదాని మీద ఒకటి పడకూడదు. నాలుగు రోజుల్లో పట్టాయని తల్లిదండ్రుల సభలో చూపించాలి. పట్టకపోతే ఈ కోత మన బడికి చెల్లదు. ఆఫీసు వాళ్ళు కంప్యూటర్లో వేసి చూశారు. ల్యాబు దగ్గర ఇరుక్కుందట.”

ఎందుకు ఇరుక్కుంటుందో ఆమెకు కాగితం చూడకుండానే తెలుసు. పది సెక్షన్లు. ఒక్కో సెక్షనుకీ వారానికి రెండు ప్రాక్టికల్సు, ఒక్కోదానికి వరసగా రెండు పీరియడ్లు. బడికి ఉన్నది ఒకటే ల్యాబు. ఇప్పుడు రోజుకి ఎనిమిది పీరియడ్లు, అంటే నాలుగు జంటలు. ఐదు రోజులకి ఇరవై, సరిగ్గా సరిపోయింది. రేపు బడి ఒక గంట పొడిగించి రోజుకి తొమ్మిది పీరియడ్లు చేసినా పడేది నాలుగు జంటలే, ఒక పీరియడు ఒంటరిగా మిగిలిపోతుంది. నాలుగు రోజులకి పదహారు. నాలుగు ప్రాక్టికల్సు వీధిలో నిలబడతాయి.

“కంప్యూటరుకి ఇరుక్కుంటే నాకూ ఇరుక్కుంటుంది సార్.”

“మీకు ఇరుక్కోగా నేనెప్పుడూ చూడలేదు,” అన్నాడాయన. “వేసి చూడండి. పడితే పడుతుంది. పడకపోతే పడలేదని మీరే సభలో చెబుదురుగాని.”

మెచ్చుకున్నాడనుకుంది ఆమె. ఆ మెప్పు మెట్లు దిగేదాకా వెచ్చగానే ఉంది.

కింద డ్రాయింగు గదిలో డ్రాయింగు టీచరు కిటికీ కింద కుళాయి తిప్పి బ్రష్షులు కడుగుతోంది. ఆ గదిలో రెండు కుళాయిలు, నాలుగు పొడుగాటి రాతి బల్లలు. బల్లల మీద ఎండుతున్న పిల్లల బొమ్మలు. బోర్డుకి ఏటేటా కార్డులు కోసి రంగులు వేసి ఇచ్చేది ఈ అమ్మాయే. ఏడేళ్లు తాత్కాలికంగా పనిచేసి పోయినేడాదే పర్మనెంటు అయింది. ఆ ధైర్యంతోనే ఒంటిగది ఇల్లు ఖాళీ చేసి, కూతురికో గది, తనకో గది ఉన్న ఇంటికి మారింది.

“అక్కా, బడంతా నీ చేతుల్లోనే ఉందట కదా.”

“అప్పుడే నీదాకా వచ్చిందా?”

“గుమాస్తాగారి నోట్లో నువ్వుగింజ నానదు.” బ్రష్షు దులుపుతూ ఆమె నవ్వింది గాని, ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. “తప్పనిసరి పాఠాల లిస్టు చూశానక్కా. అందులో నేను లేను. కత్తెర తీస్తే మొదట తెగేది నేనే. ఈ పోస్టు నన్ను చూసి ఇవ్వలేదు, ఈ గదిని చూసి ఇచ్చారు. గది ఉన్న బడికే డ్రాయింగు పోస్టు అని రూలు. ఇవాళ రోజు తగ్గిస్తారు, రేపు గది అడుగుతారు.”

“రోజే తగ్గదు. ఎలా వేసినా పట్టదు.”

“ఒట్టు?”

“ల్యాబు ఒకటే ఉందే తల్లీ. ఒట్టెందుకు, ఎక్కాలు చాలు.”

డ్రాయింగు టీచరు తడి చేతులతోనే ఆమె భుజం పట్టుకుని ఊపింది. చీర మీద ఐదు వేళ్ల నీలిరంగు పడింది. ఉతికినా పోలేదు.

*

ఆదివారం పొద్దున్నే టిఫిను గిన్నెలు పక్కకి నెట్టి గళ్ళ టీచరమ్మ గళ్ళ కాగితం పరుచుకుంది. భర్త మందుల షాపులో పనిచేస్తాడు, ఆదివారమే ఇంట్లో ఉండేది. ఆయన పేపరు వెనకనుంచి అడిగాడు.

“పట్టాలని వేస్తున్నావా, పట్టకూడదని వేస్తున్నావా?”

“పట్టదని తేల్చడానికి వేస్తున్నాను.”

“మరి చెమటెందుకు పడుతోంది?”

పదకొండయ్యేసరికి మిగతా అన్నీ కూర్చుకున్నాయి. ఆటలు, లైబ్రరీ ఆఫీసు వాళ్ళే కోసేశారు కాబట్టి అక్కడ చిక్కు లేదు. చివరికి నాలుగు ప్రాక్టికల్సు మిగిలాయి, నాలుగూ చోటు లేకుండా. తేలిపోయింది. పట్టదు. ఇక్కడితో పెన్ను మూత పెట్టాలి.

పెన్ను మూత పెట్టలేదు. లేచి వెళ్లి గ్లాసు కడుక్కుంది. కుళాయి నీళ్లు చేతి మీద పడుతుండగా డ్రాయింగు గది గుర్తొచ్చింది.

రెండు కుళాయిలు. రాతి బల్లలు. బొమ్మలు వేసుకునే గదికి రాతి బల్లలెందుకు?

ఎందుకంటే అది ఒకప్పుడు రెండో ల్యాబు. ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో అక్కడ యాసిడ్ వాసన వచ్చేది. పిల్లలు తగ్గాక మూసేసి, రంగులు వేసి, డ్రాయింగుకి ఇచ్చారు. ఆ రోజుల నాటి మనుషులు బడిలో ఇప్పుడు ఇద్దరే ఉన్నారు. ఒకరు తను, ఇంకొకరు హెడ్మాస్టరు. ఆయనకి ఏ గది ఎటుందో ఇప్పటికీ గుర్తుండదు.

గ్లాసు కుళాయి కిందే వదిలేసి వచ్చింది. నాలుగు ప్రాక్టికల్సు ఆ గది వరసలోకి తోస్తే సైన్సు టీచర్లిద్దరూ రెండుచోట్ల ఢీకొంటారు. ఒకటి మంగళవారానికి జరిపితే అది లెక్కల మీద పడుతుంది. లెక్కలు తనవే, ఎటైనా జరుపుకోవచ్చు. ఇరవై నిమిషాల్లో కాగితం మీద ఒక్క మచ్చ లేదు. ఎంత ముచ్చటగా కూర్చుందంటే, ఆమె కాసేపు కుర్చీకి చేరగిలబడి దాన్ని అలా చూస్తూ ఉండిపోయింది.

అప్పుడు డ్రాయింగు వరస కనిపించింది. రసాయనాలు ఉంచిన గదిలో వేరే తరగతి పెట్టకూడదన్నది ల్యాబు నియమం. నాలుగు ప్రాక్టికల్సు ఆ గదిలోకి వెళ్తే డ్రాయింగు పీరియడ్లు పదీ బయటికి రావాలి. గది పోతే పోస్టు పోతుంది.

కాగితాన్ని నాలుగు ముక్కలు చేసింది. ఎనిమిది చేసింది. కూరగాయల తొక్కల కింద కుక్కింది.

“పట్టిందా?” అన్నాడు భర్త.

“లేదు.”

“మొహం చూస్తే పట్టినట్టే ఉంది.”

“కుళాయి కట్టెయ్యండి, నీళ్లు పోతున్నాయి,” అంది ఆమె.

*

బుధవారం మధ్యాహ్నం హాల్లో సభ. ముందు వరసలో ఆఫీసరు, పక్కన హెడ్మాస్టరు. బోర్డును నలుగురు మోసుకొచ్చి అందరికీ కనిపించేలా నిలబెట్టారు. తల్లిదండ్రులు పని మధ్యలో లేచి వచ్చినవాళ్ళు, బట్టల నిండా ఆ పనే ఉంది. డ్రాయింగు టీచరు వెనక కిటికీ దగ్గర నిలబడింది.

ఆఫీసరు పావుగంట మాట్లాడాడు. నాలుగు రోజుల బడి వల్ల పిల్లలకి కుటుంబంతో గడిపే సమయం దొరుకుతుందన్నాడు.

ఇస్త్రీ దుకాణం ఆమె లేచింది. “ఏ కుటుంబంతో సార్? శుక్రవారం నేను దుకాణంలో, మా ఆయన లారీ మీద. పిల్లలిద్దర్నీ ఎక్కడ పెట్టను? బట్టల్లో మడతపెట్టి ఇచ్చెయ్యనా?”

“పెద్ద పిల్లలు చిన్న పిల్లల్ని చూసుకోవచ్చు కదమ్మా.”

“మా పెద్దోడికి ఎనిమిదేళ్ళు. వాడు చెల్లెల్నీ చూసుకుంటాడు, పొయ్యినీ చూసుకుంటాడు, తీరికైతే మీ ఆఫీసు కూడా చూసుకుంటాడులెండి.”

హాలంతా నవ్వింది. ఆఫీసరు నుదురు తుడుచుకుని, “సరే, టైంటేబుల్ చూద్దాం,” అన్నాడు.

గళ్ళ టీచరమ్మ బోర్డు దగ్గరికి వెళ్లింది. ల్యాబు వరస చూపించింది. నాలుగు మేకులకి రెండేసి నీలం కార్డులు వేలాడుతున్నాయి. వాటిని తన చేత్తోనే తగిలించింది, నిన్న సాయంత్రం. అప్పటినుంచి ఆ వైపు చూడలేకపోతోంది. ఇప్పుడూ జనం వైపు చూస్తూనే చెప్పింది. ఇరవై కావాలి, పదహారే ఉన్నాయి, నాలుగు చోట్ల రెండేసి తరగతులు పడుతున్నాయి.

“ఇంకే దారీ లేదా?” అన్నాడు ఆఫీసరు.

“లేదు.”

ఆ బోర్డు ముందు నిలబడి ఆమె అబద్ధం చెప్పడం అదే మొదటిసారి. మాట ఎంత తేలిగ్గా వచ్చిందో తనకే ఆశ్చర్యమేసింది.

ఆఫీసరు పెన్ను తీశాడు. “మా కంప్యూటరు కూడా ఇదే చెప్పింది. కుదరదని రాసుకుంటాను.”

ఎవరో చప్పట్లు కొట్టారు. ఇస్త్రీ ఆమె పక్కనున్నావిడ చెయ్యి పట్టుకుంది. కిటికీ దగ్గర డ్రాయింగు టీచరు కళ్ళు మూసుకుని తల గోడకి ఆనించింది.

అప్పుడు హెడ్మాస్టరు లేచాడు.

“ఒక్క నిమిషం. నాకో చిన్న సందేహం మేడమ్.” మెల్లగా నడిచి బోర్డు దగ్గరికొచ్చాడు. ల్యాబు వరసలోంచి ఒక నీలం కార్డు తీశాడు. కింద డ్రాయింగు వరసలో, సోమవారం తొమ్మిదో పీరియడు మేకుకి తగిలించాడు. “ఇది ఇలా పెడితే?”

తొమ్మిదో పీరియడు ఒంటరిది. ప్రాక్టికల్సుకి రెండు కావాలి. పైగా ఆ గంటలో సైన్సు మాస్టారు తొమ్మిదో తరగతిలో ఉంటాడు. ఇరవై ఏళ్లుగా ఆ బడిలో ఎవరూ పెట్టనంత తప్పుడు చోట పెట్టాడాయన.

“అక్కడ కాదు సార్,” అంది ఆమె.

మాట బయటికొచ్చాక గాని తెలియలేదు. అప్పటికే చెయ్యి వెళ్లిపోయింది. కార్డు తీసి మంగళవారం రెండో పీరియడు మీద పెట్టింది. అక్కడ నారింజ కార్డు ఉంది, దాన్ని తీసి బల్ల మీద పడేసింది. మంగళవారం లెక్కలు ఒకటి అడ్డం, దాన్ని గురువారానికి జరిపింది. గురువారం ఇంగ్లీషు సోమవారానికి వెళ్లింది. ల్యాబు వరసలో జంటగా వేలాడుతున్న రెండోది ఒంటరి అయింది, మూడోది అయింది. ఒక గది ల్యాబు అయ్యాక అందులో నారింజ ఉండకూడదు కాబట్టి నారింజ ఒక్కొక్కటే కిందికి వచ్చింది. ఆమెకు హాలు వినిపించడం లేదు. మేకులు కనిపిస్తున్నాయి, ఎక్కడ ఏది ఎలా కూర్చోవాలో వేళ్లకే తెలుస్తోంది. నాలుగో నీలం కార్డు తగిలించి, దాని కిందున్న చివరి నారింజ కార్డు తీసింది.

బోర్డు మీద ఒక మేకుకి రెండు కార్డులు ఎక్కడా లేవు.

అప్పుడు హాలు మళ్లీ వినిపించింది. బల్ల మీద తొమ్మిది నారింజ కార్డులు. చేతిలో ఒకటి.

వెనక్కి తిరిగింది. డ్రాయింగు టీచరు ఆమె మొహం వైపు చూడటం లేదు. చేతి వైపు చూస్తోంది.

గళ్ళ టీచరమ్మ కార్డు ఎత్తింది. ఎక్కణ్ణించి తీసిందో అక్కడే మళ్లీ పెట్టేస్తే చాలు. పొరపాటు పడ్డాను, కుదరదు, అంటే చాలు. కార్డు మేకు దాకా వెళ్లింది. ఆ మేకుకి అప్పటికే నీలం కార్డు వేలాడుతోంది. చెయ్యి అక్కడే ఆగింది. ముందుకి తొయ్యాలని చూసింది. అది ఆమె చెయ్యే, ఆమె మాట వినలేదు.

“ఆ కార్డు దించండి మేడమ్,” అన్నాడు హెడ్మాస్టరు, చాలా మెత్తగా.

ఆఫీసరు ఫోను తీశాడు. “కొంచెం పక్కకి జరుగుతారా? బోర్డు ఫొటో తీసుకుంటాను.”

ఆమె జరిగింది.

జనం వెళ్లిపోతుంటే ఇస్త్రీ ఆమె ఎదురుగా ఆగింది. కోపం కూడా లేదు మొహంలో. “లెక్కలు బాగా వచ్చండీ మీకు,” అని వెళ్లిపోయింది.

*

వరండాలో హెడ్మాస్టరు ఆమె కోసమే నిలబడి ఉన్నాడు.

“ఆ గది ల్యాబని మీకు గుర్తుంది,” అంది ఆమె.

“ఉంది. నేను చేరిన రోజు అక్కడే చొక్కా కాల్చుకున్నాను.” ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “గది సంగతి నాకు తెలుసు. ఏ కార్డు ఎక్కడ తగిలించాలో నాకు తెలీదు. అది మీకు ఒక్కరికే వచ్చు. అడిగితే చెప్పరని తెలుసు.”

“అందుకని తప్పు పెట్టారు.”

“కోత ఒప్పుకోని బడిని ఇంకో బడిలో కలిపేస్తామన్నారు. అప్పుడు ఒక్కరు కాదు, ముప్పై మందిమి.”

అది నిజమో అబద్ధమో ఆమెకు తెలియదు. ఏ కాగితం మీదా లేదు. “ఆ మాట నాతో ముందే అనొచ్చుగా సార్.”

“అంటే మీరు ఆలోచించేవారు,” అన్నాడాయన. “ఆలోచిస్తే మీరు చాలా మంచివారు మేడమ్.”

ఏడాది ఆఖరి రోజున డ్రాయింగు టీచరు రెండు అట్టపెట్టెలతో స్టాఫ్ రూముకి వచ్చింది. బ్రష్షులు, రంగు సీసాలు, పిల్లల బొమ్మలు ఒక కట్ట. సైన్సు మాస్టారు కుర్చీ ఇవ్వబోతే అక్కర్లేదంది. గళ్ళ టీచరమ్మ బల్ల దగ్గరికి వచ్చింది.

“నా కార్డులు ఇచ్చేస్తే తీసుకెళ్తాను. ఇక్కడ పనికిరావు కదా.”

సొరుగులోంచి తీసి ఇచ్చింది. డ్రాయింగు టీచరు లెక్కపెట్టింది. “తొమ్మిదే ఉన్నాయి.”

పదోది గళ్ళ టీచరమ్మ చేతిసంచిలో ఉంది. ఆ రోజునుంచీ అక్కడే ఉంది. సంచిలో చెయ్యి పెట్టి తీసింది. అంచు నలిగిపోయింది. “నేను... అది కావాలని కాదే. నా చెయ్యి...”

“ఇల్లు మారుతున్నాను. మళ్లీ ఒంటిగదే,” అంది డ్రాయింగు టీచరు. “అది మీరే ఉంచుకోండి మేడమ్. ఎక్కడైనా మేకు ఖాళీగా కనిపిస్తే మీకు టీ దిగదు.”

ఎనిమిదేళ్లలో ఆమెను మేడమ్ అనడం అదే మొదలు.

*

కొత్త ఏడాదిలో మొదటి శుక్రవారం. గళ్ళ టీచరమ్మ పాలపాకెట్టు కోసం వెళ్లి వస్తూ ఇస్త్రీ దుకాణం ముందు రోడ్డు దాటింది, ఆ వైపు నడవకూడదని. దాటినా కనిపించింది. మెట్టు మీద ఎనిమిదేళ్లవాడు, వాడి ఒళ్ళో తల పెట్టుకుని చెల్లెలు. వాడు కదలకుండా కూర్చున్నాడు.

ఇంటికొచ్చేసరికి ఫోను మోగుతోంది. హెడ్మాస్టరు.

“సెలవు రోజు ఇబ్బంది పెడుతున్నాను మేడమ్. మన బోర్డు ఫొటో ఆఫీసు వాళ్ళు అన్ని బడులకీ పంపారు. అందరూ మెచ్చుకున్నారు.”

ఆమె పాలపాకెట్టు ఇంకో చేతికి మార్చుకుంది.

“అవతలి బడి హెడ్మాస్టరు ఫోను చేశారు. వాళ్ళకి ఇరుక్కుపోయిందట. అక్కడా తల్లిదండ్రులు గొడవ చేస్తున్నారు. మీరొక పూట వచ్చి చూస్తారేమోనని...”

“రానని చెప్పండి.”

“నేనూ అదే అన్నాను. పాపం, బతిమాలుతున్నారు. ఇరవై సెక్షన్లట, ల్యాబులు రెండేనట. ఎనిమిది చోట్ల రెండేసి పడ్డాయట.”

“సార్, నేను రాను. ఇంక ఆ సంగతి నాతో అనకండి.”

“సరే మేడమ్. ఉంటాను.”

ఫోను చెవి దగ్గరే ఉంది. అవతల ఆయన పెట్టెయ్యలేదు. ఆయన ఊపిరి వినిపిస్తోంది. తొందరేమీ లేనట్టు, స్టాఫ్ రూము తలుపు దగ్గర నిలబడి ఉన్నట్టు.

ఎనిమిది చోట్ల రెండేసి.

పాలపాకెట్టు చేతిలో చల్లగా చెమర్చింది.

“వాళ్ళకి కుళాయి ఉన్న గదులెన్ని?” అంది ఆమె.